బరంపురం నుంచి మారనెల్లో దాకా: కుటుంబంతో సూపర్‌కార్ల మ్యూజియాలు, ఫ్యాక్టరీలు ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి

ఇటలీ, జర్మనీల్లో కార్ల మ్యూజియాలు, ఫ్యాక్టరీలు కుటుంబంతో చూసి రావాలనుకునేవాళ్లు విమానం టికెట్లతో మొదలుపెట్టకండి, ఫ్యాక్టరీ టూర్లతో మొదలుపెట్టండి. మ్యూజియం ఈ రోజు కుదరకపోతే రేపు చూడొచ్చు. ఫ్యాక్టరీ అలా కాదు, పని జరిగే రోజుల్లోనే, వాళ్లు ఇచ్చిన టైముకే, ముందుగా బుక్ చేసుకున్న కొద్దిమందినే లోపలికి తీసుకెళ్తారు. ఆ తేదీ ఖాయమయ్యాక దాని చుట్టూ రైళ్లు, హోటళ్లు, విమానాలు సర్దుకోవాలి. మాకు మొదట ప్లాన్ వేసిచ్చిన ట్రావెల్ ఏజెంటు దీన్ని పూర్తిగా తలకిందులు చేశాడు.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం, ఆటో స్పేర్ పార్ట్స్ వ్యాపారం. వెళ్లింది నేను, మా ఆవిడ, కార్లంటే ప్రాణం పెట్టే పదమూడేళ్ల అబ్బాయి, కార్ల ఊసే పట్టని ఏడేళ్ల అమ్మాయి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. ఇంట్లో ఒక్కరికే పిచ్చి ఉండి మిగతావాళ్లు వెంట వచ్చే కుటుంబాలే ఎక్కువ కదా, అందుకే ప్రతి చోటా అందరికీ ఎలా అనిపించిందో కలిపి చెప్తున్నాను.

ముందు ఆ ఏజెంటు సంగతి. ప్యాకేజీ కాగితంలో ‘ఫెరారీ ఫ్యాక్టరీ విజిట్’ అని పెద్ద అక్షరాలతో వేశాడు. ఫెరారీ ఫ్యాక్టరీలోకి టికెట్ కొనుక్కుని వెళ్లడం అనేదే లేదు, కారు కొన్న కస్టమర్లకు, కంపెనీ పిలిచిన అతిథులకు మాత్రమే ఆ అవకాశం. మనలాంటి వాళ్లకు ఉన్నది మారనెల్లో ఊళ్లో ఫెరారీ మ్యూజియం దగ్గర నుంచి బయల్దేరే బస్సు టూర్ ఒక్కటే. ఫ్యాక్టరీ ఆవరణలో రోడ్ల మీదుగా, ఫియొరానో టెస్ట్ ట్రాక్ వైపు తిప్పి తీసుకొస్తారు, మధ్యలో దిగనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. ఈ విషయం అడిగితే “అది కూడా ఫ్యాక్టరీయే కదండీ” అన్నాడు. పైగా లంబోర్గినీని ఆదివారం పెట్టాడు, స్టుట్‌గార్ట్‌ని సోమవారం పెట్టాడు. స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్ మ్యూజియం, పోర్షే మ్యూజియం రెండూ సోమవారం మూసేస్తారు. అక్కడితో నమ్మకం పోయింది. ఇచ్చిన అడ్వాన్సులో కొంత వదులుకుని, మిగతాదంతా కంపెనీల సొంత సైట్లలో మేమే బుక్ చేసుకున్నాం. మీరు ఏజెంటుతో వెళ్లినా తప్పేమీ లేదు, కానీ ప్రతి ఫ్యాక్టరీ పేరు పక్కన “లోపల తయారీ లైను చూపిస్తారా, బయట నుంచేనా” అని రాయించుకోండి. ప్యాకేజీ మీద ముందుగా పట్టుకునే పన్ను (టీసీఎస్) మీ పాన్ నంబరు మీదే జమ అయ్యేలా చూసుకోండి, రిటర్న్ వేసినప్పుడు అది మీ పన్నులో సర్దుబాటు అవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ మొత్తం ట్రిప్‌లో ఒకే ఒక్క చోటికి డబ్బు పెట్టగలను అంటే నేను చెప్పేది పగానీ సూపర్‌కార్ల ఫ్యాక్టరీ.

మోడెనా పక్కన శాన్ చెజారియో సుల్ పనారో అనే చిన్న ఊళ్లో ఉంటుంది. ఒరాసియో పగానీ అర్జెంటీనాలో పుట్టినవాడు, లంబోర్గినీలో పని చేశాడు, కార్బన్ ఫైబర్ పనిలో అక్కడే చేయి తిరిగింది. కార్బన్ ఫైబర్‌ను వేడి, ఒత్తిడితో గట్టిపరిచే ఆటోక్లేవ్ ఒకటి కొనండని అడిగితే, ఫెరారీకే లేనిది మనకెందుకు అని లంబోర్గినీ వాళ్లు అన్నారని, దాంతో అప్పు చేసి తనే కొనుక్కున్నాడని చెప్తారు. 1999లో జెనీవా షోలో ఆయన మొదటి కారు జోండా బయటికొచ్చింది. ఇంజను మాత్రం మెర్సిడెస్ ఏఎంజీ వాళ్ల వీ12, అంటే పన్నెండు సిలిండర్లది. మ్యూజియంలో ఆయన కుర్రతనంలో చేసిన పనుల నుంచి జోండా, దాని తర్వాతి కారు వైరా దాకా వరసగా ఉంటాయి, పెద్దదేం కాదు, తీరిగ్గా చూసినా కాళ్లు నొప్పెట్టవు. పక్కనే తయారీ హాలు. గైడు వెంట ఉండి తీసుకెళ్తారు, అక్కడ ఫోన్లు జేబులోంచి తీయకూడదు.

మేం వెళ్లేసరికి ఒకామె కార్బన్ బట్ట కత్తిరించిన ముక్కలను అచ్చులో పరుస్తోంది. రెజిన్ అనే జిగురు పట్టించిన ఆ బట్టను ఫ్రీజర్లో దాస్తారు, లేకపోతే ముందే గట్టిపడిపోతుంది. ముక్క మీద ముక్క పొరలుగా వేసి, మూలల్లోకి వేళ్లతో నొక్కి, పైన సంచిలాగా కప్పి లోపలి గాలంతా లాగేసి, అప్పుడు ఆటోక్లేవ్‌లోకి పంపుతారు. రంగు వేయని బాడీ ఒకటి పక్కన పెట్టి ఉంది. మా అమ్మ పుట్టిల్లు నేతవాళ్లది, బరంపురం పట్టు మగ్గాల మధ్య పెరిగిన మనిషి. కళ్లజోడు పెట్టుకుని ఆ కారు వెనక భాగం మీదికి వంగి నడిమధ్య గీతనే చూస్తూ నిలబడింది. కుడి పక్క నేత, ఎడమ పక్క నేత నడుమ గీత దగ్గరికొచ్చి ఒక్క పోగు కూడా తప్పకుండా కలుస్తాయి, మన పట్టు చీరలో రెండువైపులా ఫోడా అంచు ఒకదానికొకటి సరిపోయినట్టు. “ఇది మిషను చేసింది కాదురా, చేత్తో పరిచిందే” అంది. గైడుకి నేను చెప్పాను ఆవిడ నేతింటి మనిషని. ఆ అమ్మాయి మిగతా గుంపుని ఆపి మరీ ఇంకో ప్యానెల్ తెచ్చి, ముక్క కాస్త వంకర పడినా ఎలా పక్కన పడేస్తారో మా అమ్మకి చూపించింది. మా వాడు టైటానియం బోల్టులు లెక్కపెట్టడంలో పడ్డాడు, వైరాలో అవి 1,400 పైచిలుకు, ప్రతి బోల్టు తల మీద పగానీ పేరు చెక్కి ఉంటుంది. స్పేర్ పార్ట్స్ అమ్ముకునే నాకు ఆ బోల్టు చేతిలో పెట్టినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను. టికెట్ చవక కాదు, ఫ్యాక్టరీతో కలిపి తీసుకుంటే ఇంకా ఎక్కువ, అయినా కలిపే తీసుకోండి. మ్యూజియం ఒక్కటే చూసి వస్తే సగం కూడా చూసినట్టు కాదు.

లంబోర్గినీకి రెండో స్థానం. బొలోనా నుంచి సాంత్ అగాతా బొలొనేజె వెళ్లాలి. అక్కడికి రైలు లేదు, బస్సు ఉంది, ఐదుగురు ఉంటే ట్యాక్సీయే నయం. 1963లో ఫెర్రూచియో లంబోర్గినీ పెట్టిన ఫ్యాక్టరీ ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది, యాజమాన్యం మాత్రం 1998 నుంచి ఆడీ చేతిలో ఉంది. మ్యూజియంలో మ్యూరా ముందు నేను చాలాసేపు ఆగాను. 1966లో వచ్చిన కారు, వీ12 ఇంజనుని డ్రైవరు వెనక అడ్డంగా పెట్టారు. ఇంజను మధ్యలో ఉండే సూపర్‌కారు అనే దారి జనానికి చూపించింది అదే. ఆ పక్కనే కౌంటాక్, గోడ మీద పోస్టరు చూసి పెరిగిన మా తరానికి దాని గురించి ఏమీ చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీ టూర్ అన్ని రోజులూ దొరకదు, తయారీ షెడ్యూలుని బట్టి ఇస్తారు, దొరికితే వదలకండి. సీట్ల తోలు కుట్టే విభాగం మా ఆవిడకి నచ్చింది. పెద్ద పెద్ద తోళ్లు పరిచి, మచ్చలు, గీతలు ఉన్న చోట గుర్తు పెట్టి, వాటిని తప్పించి ముక్కలు కోస్తారు. మిషను మీద కూర్చుని కుట్టేవాళ్ల చేతి వేగం చూడాలి, అంత వేగంలోనూ కుట్టు దారి తప్పదు.

ఒక జాగ్రత్త. లంబోర్గినీ పేరుతో మ్యూజియాలు రెండున్నాయి. కంపెనీది సాంత్ అగాతాలో. ఫెర్రూచియో కుటుంబం నడిపేది బొలోనాకి ఇంకోవైపు ఫూనో దగ్గర. ఏజెంట్లు, ట్యాక్సీవాళ్లు ఒకటనుకుని ఇంకోదానికి తీసుకెళ్లే ప్రమాదం ఉంది, బుకింగ్‌లో ఊరి పేరు చూసుకోండి. అయితే ట్రాక్టర్లతో పని ఉన్న ఇంట్లోవాళ్లయితే ఫూనోది కూడా చూడండి. ఫెర్రూచియో రైతు బిడ్డ, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మెకానిక్కు, యుద్ధం అయ్యాక మిగిలిపోయిన మిలటరీ బళ్ల సామాన్లతో ట్రాక్టర్లు చేసి పైకొచ్చినవాడు. ఆ ట్రాక్టర్లన్నీ అక్కడున్నాయి. పొలం ఉన్న మనిషికి స్పోర్ట్స్ కారు కంటే ఆ కథే ఎక్కువ అర్థమవుతుంది.

ఫెరారీ గురించి మా ఇంట్లోనే రెండు అభిప్రాయాలు. మా వాడు మాత్రం దానికే ఓటు. మారనెల్లో మ్యూజియంలో ఫార్ములా వన్ కప్పులు, గెలిచిన కార్లు అర్ధచంద్రంగా పేర్చిన హాలు ఉంది, అందులోంచి వాణ్ని బయటికి లాగడం మా వల్ల కాలేదు. కార్లు తరచూ మారుస్తారు కాబట్టి ఫలానా మోడలు చూడాలనే ఆశతో వెళ్లేవాళ్లు ముందుగా సైటు చూసుకోవాలి. నా మట్టుకు నాకు మారనెల్లో కంటే మోడెనాలో ఉన్న ఎంజో ఫెరారీ మ్యూజియం నచ్చింది. 2012లో తెరిచారు, పసుపు రంగు అల్యూమినియం పైకప్పు కారు బానెట్ ఆకారంలో ఉంటుంది. దాని పక్కనే 1898లో ఫెరారీ స్థాపకుడు ఎంజో పుట్టిన ఇల్లు, ఆయన తండ్రి నడిపిన వర్క్‌షాపు. ఆ పాత వర్క్‌షాపులో ఇప్పుడు ఇంజన్లు పెట్టారు. ఇంజనుని బయటపెట్టి, నాలుగు వైపులా తిరిగి చూసేలా ఉంచడం నాలాంటివాడికి పండగే. తెల్లటి పెద్ద హాల్లో గోడల మీద ఆయన జీవితం సినిమాగా వేస్తారు, మా అమ్మాయి అప్పటిదాకా చేసిన గోలంతా మరిచి కింద కూర్చుని చూసింది. మోడెనా స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. రెండు మ్యూజియాలకీ కలిపి టికెట్ ఇస్తారు, స్టేషన్ నుంచి మారనెల్లోకి షటిల్ బస్సు కూడా నడుస్తుంది, అందుకని ఈ భాగానికి కారు అద్దె అక్కర్లేదు.

ఫియొరానో బస్సు టూర్‌కి మాత్రం డబ్బు దండగ అని మా ఆవిడ అంటుంది, నేనూ ఒప్పుకుంటాను. ట్రాక్ 1972 నుంచి ఉంది, ఎన్నో ఫార్ములా వన్ కార్లను అక్కడే పరీక్షించారు, ఆ సంగతి తెలిసి ఒళ్లు పులకరించే అభిమాని అయితే ఎక్కండి. బస్సు అద్దంలోంచి రోడ్లు, షెడ్లు చూడ్డానికి మిగతావాళ్లు ఎక్కనక్కర్లేదు. మ్యూజియం బయట ఫెరారీ అద్దెకిచ్చి నడపనిచ్చే షాపులు చాలా ఉన్నాయి, అవి ఫెరారీ కంపెనీవి కావు, వేరేవాళ్ల వ్యాపారం. నడపాలనుకుంటే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి, గీత పడితే మీరు ఎంత కట్టాలో సంతకం పెట్టేముందే అడగండి.

జర్మనీ వైపు. కార్లంటే ఇష్టం లేని మనిషి కూడా ఆనందించే మ్యూజియం ఒక్కటి చెప్పమంటే స్టుట్‌గార్ట్‌లో మెర్సిడెస్‌ది. 2006లో కట్టిన భవనం. లిఫ్టులో నేరుగా పైకి తీసుకెళ్లి వదులుతారు, అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ మెల్లగా కిందికి దిగుతూ వస్తాం. దారి పొడవునా వాలే కాబట్టి మా అమ్మ మోకాళ్లకి ఇబ్బంది కాలేదు, అలసినప్పుడు లిఫ్టు ఉండనే ఉంది. పైకి రాగానే ఎదురుగా ఉండేది కారు కాదు, గుర్రం. ఆ తర్వాత 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండి. ఆడియో గైడు టికెట్‌లోనే ఇస్తారు.

మా ఇంట్లో ఆడవాళ్లందర్నీ కట్టిపడేసింది బెర్తా బెంజ్ కథ. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌కి ఆ బండి మీద బయల్దేరింది, నూరు కిలోమీటర్లకి పైగా దూరం. ఇంధనం అయిపోతే వీస్‌లోక్‌లో మందుల షాపులో లిగ్రోయిన్ కొంది. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించుకుంది. బ్రేకు లైనింగులు అమ్ముకుని బతికే ఇల్లు మాది, ఆ లైనింగు మొదలైంది ఓ తల్లి పిల్లలతో పుట్టింటికి వెళ్లే దారిలో అని తెలిసి మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆ కొడుకుల్లో చిన్నవాడికి అప్పుడు మా వాడి వయసే. ఈ ఒక్క మ్యూజియానికి పూట సరిపోదు, రోజంతా పెట్టుకోండి.

పోర్షే మ్యూజియం చిన్నది, చక్కనిది, సబర్బన్ రైలు దిగితే ఎదురుగానే. పెట్టిన కార్లు నడిచే స్థితిలో ఉంచుతారు, వాటిని బాగుచేసే వర్క్‌షాపు కింద అద్దంలోంచి కనిపిస్తుంది, నేను ఎక్కువసేపు గడిపింది ఆ అద్దం దగ్గరే. మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ వెల్ట్‌కి ప్రవేశం ఉచితం, కొత్త కారు తాళాలు అందుకునేవాళ్లని పైనుంచి చూడొచ్చు. మ్యూజియానికి, ఫ్యాక్టరీ టూర్‌కి వేరే టికెట్లు. ఏ ఫ్యాక్టరీ అయినా చిన్నపిల్లలకి వయసు నిబంధన ఉందేమో బుక్ చేసేముందే చదవండి, లేకపోతే ఒకరు పిల్లతో బయట కూర్చోవాల్సి వస్తుంది. మ్యూనిక్ నుంచి బొలోనాకి విమానం వద్దు, బ్రెన్నర్ కనుమ మీదుగా ఆల్ప్స్ దాటి వెళ్లే పగటి రైలు ఎక్కండి. మా అమ్మాయి ఈ ట్రిప్ గురించి ఎవరడిగినా ముందు చెప్పేది ఆ రైలు గురించే.

వీసా గురించి మన సరిహద్దు ఊళ్లవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సినవి ఉన్నాయి. ఇచ్ఛాపురం చేరితే ఆంధ్రే, చుట్టాలంతా విశాఖలోనే, అయినా చిరునామా ఒడిశాది కాబట్టి ఇటలీ వీసాకైతే ఫైలు కలకత్తా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) పెట్టాలి, రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. మాకు అసలు టెన్షన్ పేర్ల దగ్గర వచ్చింది. ఒడియా కాగితాల్లో మన ‘వ’ని ‘బ’గా రాస్తారు కదా, ఒక సర్టిఫికెట్‌లో వెంకట, ఇంకోదాంట్లో బెంకట, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించి, పేర్లు ఒకే మనిషివని అఫిడవిట్ పెట్టండి, అపాయింట్‌మెంట్ తీసుకోక ముందే ఈ పని అయిపోవాలి. ఫ్యాక్టరీ టూర్ బుకింగ్‌లో కూడా పాస్‌పోర్టు స్పెల్లింగే ఇవ్వండి.

తిండి విషయంలో మోడెనా, బొలోనా మాంసం ఊళ్లు. మా అమ్మ శాకాహారి. ‘టొర్టెల్లీని’ అంటే లోపల మాంసం ఉంటుంది, ‘టొర్టెల్లోని’ అయితే సాధారణంగా రికొట్టా, పాలకూర. పూరీ అనుకుని ఆశపడే నోకో ఫ్రిట్టోని పంది కొవ్వులో వేయించడం అక్కడి పద్ధతి, అడగకుండా తినకండి. పార్మిజానో చీజ్‌లో దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లకి అదీ కుదరదు. మేం వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని బియ్యం, పొడులు, మన బరంపురం అప్పడాలు, ఆవకాయ పట్టుకెళ్లాం. నెయ్యి, పాలకోవా లాంటివి పెట్టుకోకండి, పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేనివ్వరు.

కారు అద్దెకి తీసుకుంటే బొలోనా, మోడెనా పాత ఊళ్లలో జెడ్‌టీఎల్ అని రాసిన బోర్డులు చూసుకోండి, అనుమతి లేని బండి లోపలికి వెళ్తే కెమెరా పట్టేస్తుంది, జరిమానా అద్దె కంపెనీ ద్వారా ఇంటికొస్తుంది.

నెల విషయానికొస్తే, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర పడే ఏడాదైతే అది అయ్యాకే బయల్దేరండి, ఊళ్లో అమ్మవారు ఉండగా పెద్దవాళ్లని కదిలించలేం. మే చివర, జూన్ మొదట్లో మా పిల్లలకి బడి సెలవులు, అక్కడా ఎండ మితంగానే ఉంటుంది, కాకపోతే జూన్ 2 ఇటలీలో జాతీయ సెలవు, ఆ రోజు ఫ్యాక్టరీ పెట్టుకోకండి. సెప్టెంబరు ఇంకా బాగుంటుంది గానీ బడి మానిపించాలి. ఆగస్టు మాత్రం అస్సలు వద్దు, ఇటలీ ఫ్యాక్టరీలు ఆ నెలలో వారాల తరబడి మూతపడతాయి, మ్యూజియాలు తెరిచే ఉంటాయి గానీ కార్బన్ బట్ట పరిచే మనుషులు సముద్రం ఒడ్డున సెలవుల్లో ఉంటారు.